విత్తనాలు వొలిచేటప్పుడు గోరుచుట్టు

గోళ్ళ జబ్బులకు మా ఇంట్లో పైసా ఖర్చు పెట్టేది లేదు. గోరు పిప్పి పడితే గోరింటాకు నూరి పెడతాం. పెళుసుబారి చీలితే వేపనూనె రుద్దుతాం. గోరుచుట్టుకు నిమ్మకాయ. నేను చదివింది రెండో తరగతి. ఇవన్నీ మా అమ్మ చేస్తాంటే చూసి నేర్చుకున్నవే.

మొన్న ఏరువాకప్పుడు మా కోడలికి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. అప్పుడే వాన పడింది. నేలలో పదును ఆరకముందే చెనిక్కాయ విత్తనం వేయాల. మిషన్లో వేస్తే గింజ మీది పొర చిట్లుతాది, మొలవదు. అందుకని విత్తనానికి చేత్తోనే వొలుస్తాం. పొట్టు మెత్తబడుతాదని అందరూ కాయల మీద నీళ్ళు చిలకరిస్తారు. కోడలూ అదే చేసింది. రోజంతా తడిలో నాని గోటి పక్క చర్మం మెత్తబడింది, దాంట్లో పొట్టు గుచ్చుకుని వేలు వాచింది.

నిమ్మకాయకు బొక్క పెట్టి, పసుపూ ఉప్పూ కూరి వేలికి తొడిగినాను.

పక్కింటామె చూసి నవ్వింది. "ఏమ్మే, వేలికి టోపీ పెట్టినావు, యాడికన్నా పెండ్లికి పోతాండావా?"

"మా అత్త నిమ్మకాయ ఇచ్చిందే గొప్ప. తీసినాక చారులో పిండమంటాదేమో" అనింది కోడలు.

"నోరు మూసుకొని కూర్చో" అన్నాను.

సాయంత్రానికి సలుపు తగ్గింది. తెల్లారి చూస్తే గోటి పక్కన తెల్లగా చీము, ఎరుపు అరచేతి దాకా పాకింది. ఒళ్ళు కాలిపోతాంది.

"ఇంకో నిమ్మకాయ పెట్టత్తా. సగం మూటలు అట్లే ఉండాయి, పదును పోతాది" అని ఏడ్చింది.

చీము చేరినాక నిమ్మకాయ చేసేదేమీ లేదు. ఆలస్యం చేస్తే వేలే పోతాది.

"విత్తనం ఇంకో వానకు వేస్తాం. వేలు యాడ మొలుస్తాది? లెయ్" అని కళ్యాణదుర్గం బస్సు ఎక్కించినాను.

ఆస్పత్రిలో కోసి చీము తీసినారు. మాత్రలిచ్చి, చెయ్యి తడపొద్దన్నారు.

మేం తిరిగొచ్చేసరికి పక్కింటామె మా వసారాలో కూర్చుని వొలుస్తాంది. ఆమె వొలిచింది మిట్ట చేనుకు సరిపోయింది. పల్లపు చేనుకు విత్తనం చాలలేదు, అంతలో పదును ఆరిపోయింది. మళ్ళీ వాన చెనిక్కాయకు అదను దాటినాక పడితే అందులో ఉలవలు వేసినాం.

కోడలి పాత గోరు ఊడిపోయింది. కొత్తది గరుకుగా, కొంచెం వంకరగా వచ్చింది. ఉలవ చెట్లు పీకే నాటికి రెండు చేతులతోనూ పీకింది, నాకంటే ఒక సాలు ముందే పోతాండింది.