ఆట కాకముందే బిందె మీద పేరు

బొక్కబోర్లా పడడంలో రకాలున్నాయి. ఎవరూ చూడకుండా పడి, కొంగు దులుపుకుని లేచిపోవడం ఒక రకం. నలుగురూ కుర్చీల్లో కూర్చుని, చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నాక పడడం రెండో రకం. నేను రెండో రకంగా పడ్డాను. అదీ ఊరికే కాదు, ఒక ఇత్తడి బిందె మీద ముందుగా పేరు కొట్టించుకుని మరీ పడ్డాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోవచ్చు గానీ మా దుకాణానికి వచ్చినప్పుడు మాత్రం ఈ సంగతి ఎత్తకండి.

మాది బేగంబజార్‌లో గిన్నెల దుకాణం, ఇల్లు సైదాబాద్‌లో. దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేది మా అత్తమ్మ రాజమ్మ. మా ఆయన సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటాడు కనుక ఈ కథలో ఆయన కనిపించడు. అది ఆయన అదృష్టం.

కొన్నేళ్ళ కింద ఒకరోజు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ దుకాణంలోకి వచ్చింది. గోల్కొండ వైపు గోల్ఫ్ మైదానంలో ఆడవాళ్ళ లీగ్ ఒకటి నడుపుతోందట. అక్కడ అందరూ ఆమెను కెప్టెన్ మేడమ్ అంటారట. గెలిచినవాళ్ళకు ఇవ్వడానికి బహుమతులు కావాలంది.

"మాది అమెచ్యూర్ లీగ్ అమ్మా. సరదాకి ఆడేవాళ్ళం. గెలిచినా డబ్బు ఇవ్వకూడదు, అది రూల్. ఏదైనా వస్తువే ఇవ్వాలి. మంచి కప్పులున్నాయా?"

"కప్పులేం జేస్కుంటరు మేడమ్?" అంది అత్తమ్మ. "తాగనీకి రావు, వండనీకి రావు. ఇత్తడి బిందె తీస్కపోండ్రి. గెల్చినామె మనుమరాలి పెండ్లి దాంక ఉంటది."

కెప్టెన్ మేడమ్‌కు ఆ మాట నచ్చింది. పెద్ద పోటీ సీజన్ చివర్లో ఉంటుందని, అప్పటికి ఒక మంచి బిందె తయారుగా ఉంచమని చెప్పింది. నేను ఊరుకోక, ఆ ఆట ఎలా ఆడతారని అడిగాను. ఆమె గోడకు వేలాడుతున్న పెద్ద గరిటె తీసి, నడుం తిప్పి, గాలిలో ఒక దెబ్బ కొట్టి చూపించింది. నేనూ గరిటె అందుకుని కొట్టాను. పక్కనున్న టిఫిన్ డబ్బాలు నాలుగు కింద పడ్డాయి.

"భుజాలు బాగా తిరుగుతున్నాయి. శనివారం పొద్దున్న రా. కొత్తవాళ్ళకు కర్రలు మేమే ఇస్తాం" అంది మేడమ్.

పై అరల్లోంచి గుండిగలు దించీ దించీ తిరిగిన భుజాలవి. ఇన్నేళ్ళలో వాటిని మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కతే. నేను వెళ్ళకుండా ఎలా ఉంటాను?

వెళ్ళాను. ఆ ఆట మీద మనసు పడింది. అంత పచ్చగడ్డిలో, అంత పొద్దున, "ఈ డబ్బా ఎంత, గా మూత వేరే ఇస్తరా" అని అడిగేవాళ్ళు లేకుండా, ఒక చిన్న తెల్ల బంతితో నా గొడవేదో నేను పడుతూ నడవడం నాకు పండగలా ఉండేది. వారం మొత్తం శనివారం కోసం చూసేదాన్ని.

అత్తమ్మకు మాత్రం గిట్టలేదు. శనివారం బజార్లో గిరాకీ ఎక్కువ.

"ఏందే పద్మా, కట్టె పట్టుకొని గడ్డిల తిరుగుడు? బర్లు కాసెటోళ్ళు గూడ గదే చేస్తరు, గాళ్ళకు పాలన్న వస్తయ్" అనేది.

చివరికి ఒక షరతు పెట్టింది. "పెద్ద పోటీల గా బిందె గెల్చుకొని రా. నీ శనివారం నీకే ఇడిచిపెడ్త. గెల్వకుంటే కట్టె ఆడ ఇచ్చేసి వచ్చి గల్లా కాడ కూసో. మల్ల లొల్లి చెయ్యొద్దు."

"సరే అత్తమ్మా" అన్నాను. అంత ధీమా ఎక్కడిదంటారా? చెబుతాను.

ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేసినవాళ్ళు గెలిచినట్టు. కొత్తవాళ్ళు పాతవాళ్ళతో పోటీ పడలేరు కనుక, మనం కొట్టిన దెబ్బల్లోంచి కొన్ని తీసేసి లెక్క వేస్తారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. మా బజారు భాషలో తగ్గింపు. నాకు ఇచ్చిన తగ్గింపు పద్దెనిమిది దెబ్బలు, లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ. అంటే అందరికంటే అధ్వాన్నంగా ఆడేదాన్ని నేనేనని అర్థం. నా బుర్రకు మాత్రం అది సన్మానంలా తోచింది. ఆ తగ్గింపు పుణ్యమా అని, బహుమతులు లేని ఉత్త శనివారాల ఆటల్లో వరసగా నేనే ముందు వచ్చాను. గెలుస్తున్నది నా తగ్గింపు అయితే, కాలర్ ఎగరేస్తున్నది నేను. చీరకు కాలర్ ఉండదు గానీ, ఉంటే చిరిగిపోయేది.

ఇప్పుడు యాదగిరి గురించి చెప్పాలి. మా దుకాణం మెట్ల మీద చిన్న మిషన్ పెట్టుకుని గిన్నెల మీద పేర్లు కొట్టేది అతనే. బిందె మీద గెలిచినామె పేరు తర్వాత తీరిగ్గా కొట్టిద్దామని కెప్టెన్ మేడమ్ చెప్పింది. యాదగిరి చూస్తే చెల్లెలింట్లో పెళ్ళని గురువారం సాయంత్రమే ఊరికి బయల్దేరుతున్నాడు. పోటీ శనివారం. అతను వచ్చేదాకా ఆగడం నా వల్ల అయ్యే పనేనా? బహుమతి అందుకుంటుంటే నా పేరు అత్తమ్మ కళ్ళ ముందు మెరిసిపోవాలి. అత్తమ్మ భోజనానికి లేవగానే బిందె తీసుకుని మెట్ల మీదికి వెళ్ళాను.

"యాదగిరన్నా, దీని మీద పద్మ, సైదాబాద్ అని కొట్టు."

"ఎవరికి పెడ్తున్నవ్ అక్కా?"

"ఎవ్వరికీ కాదు. నాకే వస్తది. శనివారం గెలుస్తున్న."

మిషన్ ఆగింది. "ఇంక ఆడలేదు గదా?"

"ఆడుడే తక్కువ. నువ్వు కొట్టు. అత్తమ్మకు చెప్పకు."

"నాకెందుకు అక్కా" అన్నాడు యాదగిరి. కాసేపు టకటక చప్పుడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆట లేదు గెలుపు లేదు, బిందె మీద పేరు పద్మ.

శనివారం నేనే పిలిచి అత్తమ్మను వెంట తీసుకెళ్ళాను. చివరి గుంట దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాను. బిందెను బల్ల మీద పెట్టి ఎర్ర గుడ్డ కప్పాను. ఆట మొదలయ్యే ముందు అందరం అక్కడే టీ తాగుతున్నాం. సుజాత మేడమ్ అని ఒక డాక్టరమ్మ ఉండేది, లీగ్‌లో బాగా ఆడేది ఆవిడే. మనిషి మంచిదే, నవ్వుతూనే అంది.

"పద్మా, నీకిచ్చిన తగ్గింపు నాకిస్తే నేను కళ్ళు మూసుకుని గెలుస్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకోవాల్సింది. కానీ అత్తమ్మ ఆ మాట విన్నది. నాలుగు తరాల దుకాణం రక్తం నా తలకెక్కింది. అది నా పుట్టింటి రక్తం కాదు, అత్తవారిదే, అయినా ఎక్కింది.

"మేడమ్, మాది బేగంబజార్. మేం తగ్గింపు ఇచ్చెటోళ్ళం, తీస్కునెటోళ్ళం కాదు. నాకు గింత వద్దు, పది చాలు" అన్నాను.

కెప్టెన్ మేడమ్ కప్పు కింద పెట్టింది. "పద్మా, ఆలోచించుకో. మన రూల్ తెలుసుగా. ఇచ్చినదానికంటే ఎక్కువ తగ్గింపు కార్డులో రాసుకుంటే పోటీలోంచి తీసేస్తాం. తక్కువ రాసుకుంటే తీసేయం, కానీ ఈ పోటీకి అదే ఖాయం. తర్వాత పెంచమంటే కుదరదు."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్" అంటూ నా కార్డులో పద్దెనిమిది కొట్టేసి పది రాశాను.

మొదటి బంతి పొదలోకి పోయింది. రెండో గుంట దగ్గర నీళ్ళలోకి పోయింది. ఆ తర్వాత ఒక బంతి చెట్టుకు తగిలి, బయల్దేరిన చోటికంటే వెనక్కి వచ్చి పడింది. అంతవరకూ అలా కొట్టినవాళ్ళు లేరని కెప్టెన్ మేడమ్ మెచ్చుకోలుగా అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను గడ్డి తడిగా ఉందన్నాను, ఎండ కళ్ళలో పడుతోందన్నాను. రెండూ ఒకేసారి ఎలా అని ఎవరూ అడగలేదు, జాలిపడ్డారు.

చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ కుర్చీలోంచి కేకేసింది. "పద్మా, గుంట గిటు దిక్కున్నదే."

"ఇక్కడ మాట్లాడకూడదమ్మా" అంది పక్కావిడ మెల్లగా.

"గుళ్ళెనే గంట కొట్టనిస్తరు, గీడ మాట్లాడనియ్యరా?" అంది అత్తమ్మ.

లెక్కలు తేలాయి. తగ్గింపులు పోను, గెలిచిన సుజాత మేడమ్ కంటే నాకు మూడు దెబ్బలు ఎక్కువ. నేను ఉదారంగా వదిలేసుకున్నవి ఎనిమిది. మీరు వెయ్యక్కర్లేదు, ఆ తీసివేత నేను అప్పటికప్పుడే వేసుకున్నాను, ఇప్పటికీ కూరగాయలు తరిగేటప్పుడు వేసుకుంటుంటాను.

అప్పుడు గుర్తొచ్చింది బిందె.

పరుగున వెళ్ళి, గుడ్డ కింద చెయ్యి పెట్టి, పేరు వెనక్కి పోయేలా తిప్పాను. వెనక వైపు కూడా కుర్చీలున్నాయి. పక్కకు తిప్పాను. అక్కడ ఫోటో తీసే ఆమె నిలబడి ఉంది. బిందె గుండ్రంగా ఉంటుందన్న సంగతి గిన్నెల దుకాణం కోడలికి ఆ రోజే తెలిసింది. ఒక పూలదండ తెచ్చి పేరుకు అడ్డంగా వేశాను. శనివారాలు ఎలాగూ పోయాయి, పరువైనా మిగలాలి కదా. ఏడుపు ఆపుకుంటూ బల్ల పక్కనే నిలబడ్డాను.

కెప్టెన్ మేడమ్ మైకులో సుజాత మేడమ్ పేరు పిలిచి, గుడ్డ తీసింది. సుజాత మేడమ్ బిందె అందుకోగానే దండ జారింది.

"పద్మ, సైదాబాద్" అని పైకే చదివింది ఆవిడ. అర్థం కాక నా వైపు చూసింది. "నీ పేరుంది?"

అందరూ నా వైపు చూశారు. భూమి బద్దలైతే దూరిపోదామనుకున్నాను గానీ, ఆ మైదానంలో ఉన్న తొమ్మిది గుంటల్లో ఒక్కదానిలోనూ మనిషి పట్టదు.

అప్పుడు కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. అత్తమ్మ లేచింది.

"ఏందమ్మా గట్ల చూస్తరు? బిందె పెడితే పెట్టినోళ్ళ పేరు కొట్టియ్యరా? మీ పెండ్లిల వచ్చిన గిన్నెలు జర తిప్పి చూస్కోండ్రి. మేనత్త పెడితే మేనత్త పేరు, పిన్ని పెడితే పిన్ని పేరు. గిది మా కోడలు మీ లీగ్‌కు పెట్టింది."

తర్వాత ఒకామె, "అవును, మా ఇంట్లో చెంబు మీద మా పెద్దమ్మ పేరుంది" అంది. ఇంకొకామె తన పళ్ళెం గుర్తు చేసుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. సుజాత మేడమ్ వచ్చి నన్ను కౌగలించుకుంది. "ఓడిపోయి కూడా ఇంత పెద్ద మనసా పద్మా" అంది. నేను తల వంచుకున్నాను. అది వినయం అనుకున్నారు.

కెప్టెన్ మేడమ్ మైకు వదల్లేదు. "పద్మగారే ఇస్తున్నారు కనుక ఈ బిందె బిల్లు మనం కట్టక్కర్లేదు. మనకు ఎప్పటినుంచో దాత లేరు. అమ్మా, ప్రతి ఏడాదీ ఇస్తారా?"

అత్తమ్మ అంత దూరం ఆలోచించి లేవలేదు. ఆ సంగతి ఆవిడ ముఖంలో నాకొక్కదానికే కనిపించింది. కానీ అంతమంది ముందు రాజమ్మ వెనక్కి తగ్గే మనిషి కాదు.

"ఇస్తం. పెట్టే చెయ్యి ఎప్పుడు పైనుంటది" అంది పళ్ళ బిగువున.

ఇద్దరం ఆటో ఎక్కి నయాపూల్ దాటాం. తర్వాత అత్తమ్మ రోడ్డు వైపు చూస్తూనే అంది.

"యాదగిరి గురువారం బస్సెక్కే ముందే చెప్పిండు."

"మరి అప్పుడే అడగకపోతివి అత్తమ్మా?"

"గెలుస్తవేమో అనుకున్న."

ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. అత్తమ్మ తన కొంగు నా చేతిలో పెట్టింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగాను. "మరి శనివారాలు?"

"ఏం శనివారాలే? ఏడాదికో బిందె నెత్తిన పడ్డది. గింత పెట్టుకుంట ఆడకుంటే ఎట్ల? పో, ఆడు. మన బిందె మన ఇంటికి వాపస్ తెచ్చేదాంక ఆడు."

అప్పటినుంచి ఏటా ఒక బిందె మా దుకాణం నుంచి వెళ్తోంది, నా పేరుతో. లీగ్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా వంటింట్లోంచి పద్మ, సైదాబాద్ పలకరిస్తుంది. నేను ఆడుతూనే ఉన్నాను, ఓడుతూనే ఉన్నాను. పోయిన ఏడు మాత్రం, ఇచ్చిన తగ్గింపు నోరు మూసుకుని పుచ్చుకుని, నిజంగానే గెలిచాను. దాత పద్మ తరఫున, విజేత పద్మకు కెప్టెన్ మేడమ్ బిందె అందించింది. చంకన పెట్టుకుని సైదాబాద్‌లో మా గల్లీ మొదట్లో ఆటో దిగాను. పక్కింటి లక్ష్మి ఎదురొచ్చి, బిందె మీద పేరు చదివి, జాలిగా నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏందక్కా, ఈసారి ఎవ్వరు తీస్కోలేదా? వాపస్ ఇచ్చిన్రా?"

అందుకని మా గిన్నెల దుకాణం గల్లా సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇక మీదట ఎవరు తగ్గింపు ఇచ్చినా వద్దనను. ఆడి, గెలిచి, ఇంటికి తెచ్చి, నీళ్ళు నింపేదాకా ఏ బిందె మీదా నా పేరు కొట్టించను. ఈ ఏడాది బిందె మీద అత్తమ్మ పేరు కొట్టించాను. గెలిచి తెచ్చినా లక్ష్మి ఎలాగూ నమ్మదు, కనీసం మా అత్త పెట్టిందనైనా అనుకుంటుంది.