సునీతక్క వేన్‌లో పాటల వరస

నిన్న పొద్దున్న బావ ఫోన్ చేస్తే, వేన్ మళ్ళీ ట్రబుల్ ఇచ్చిందేమో అనుకున్నాను. ఆయన నాకు ఫోన్ చేసేది అందుకే.

"మీ అక్క ఎల్లిపోయిందిరా" అన్నాడు.

"ఎక్కడికి బావా?" అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పనిచెయ్యలేదు.

వడ్డాదిలో ఇంటి ముందు రోజూలాగే స్కూల్ వేన్ కడుగుతూ కూలబడిపోయిందట. హార్ట్ ఎటాక్. బావ వెళ్ళి చూసేసరికి లోపల స్పీకర్లో పాటలు మోగుతూనే ఉన్నాయట.

ఈరోజు మధ్యాహ్నం చోడవరంలో అక్క భూస్థాపన అయింది. ఇంటికొచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి మా అక్క "వేన్ సునీత"గానే తెలుసు. వడ్డాది పిల్లల్ని ఎక్కించుకుని చోడవరం స్కూల్లో దింపే ఆడ డ్రైవర్. మొదట్లో ఆవిడ స్టీరింగ్ పట్టుకుంటే జనం తల తిప్పి చూసేవారు. తర్వాత్తర్వాత పాటలు విని తిప్పేవారు.

ఆ వేన్‌లో సినిమా పాట వినపడదు. అంతా ఇంగ్లీషు రాక్, ఇండీ. ఏ ఊళ్ళోనో నలుగురు కుర్రాళ్ళు సొంత గదిలో కూర్చుని రికార్డ్ చేసుకున్న పాటలు కూడా ఫోన్లో వెతికి పట్టేసేది. చర్చి కొయిర్‌లో గిటార్ వాయించిన మనిషి, ఆ పిచ్చి అక్కడే అంటుకుంది.

వాటిలో ఏరి ఏరి ఒక మిక్స్ చేసి పెన్ డ్రైవ్‌లో ఎక్కించింది.

అదీ ఎలా? వేన్ రూట్ ప్రకారం.

మొదటి పాటలో డ్రమ్స్ ఉండవు. ఒక గిటార్, ఒక అమ్మాయి గొంతు, అంతే. పిల్లలు నిద్రమొహాలతో ఎక్కుతారు కదా, అందుకని.

మెయిన్ రోడ్డు ఎక్కగానే బేండు మొత్తం దిగిపోతుంది. ఇక నిద్రపోయేవాడెవడు.

చెరుకు సీజన్లో ఫేక్టరీకి పోయే ట్రాక్టర్ల వెనక ఇరుక్కుంటే, దానికి వేరే పాటలు. పిల్లలు వాటిని "ట్రాక్టర్ సాంగ్స్" అనేవారు.

వంతెనకి ముందు ఒక స్టాప్ ఉంది. అక్కడ ఎక్కే అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఎప్పుడూ జడలు అవ్వవు. వాళ్ళకోసం ఒక పొడుగు పాట పెట్టింది. చివర్లో గిటార్ ఒక్కటే అలా సాగుతూ ఉంటుంది. అక్క హారన్ కొట్టేది కాదు. గిటార్ ఆగేలోపు వాళ్ళు ఎక్కాలి, పాట అయ్యాకే వేన్ వంతెన ఎక్కాలి. అదీ రూలు.

వీటన్నిటికీ బద్ధ శత్రువు ఒకరు ఉండేవారు. వేన్‌లో ఆయా, నూకాలమ్మ పిన్ని. ముందు సీట్లో కూర్చుని రోజూ గొణుగుడే.

"ఏటమ్మా ఈ గోల? ఆ పాడే గుంటడికి కడుపునొప్పేటి, అలగరుస్తన్నాడు?"

"అరుపు ఒగ్గీ పిన్నీ. గిటారు సూడు, ఎలగేడుస్తందో" అనేది అక్క.

"ఏడవనీ. నన్నేడిపించకు."

అక్క నవ్వి వాల్యూమ్ ఇంకాస్త పెంచేది.

అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ మిక్స్ కాపీ చేసి ఇచ్చింది. పెళ్ళికి వెళ్తే గిఫ్ట్ కూడా అదే. మనవాళ్ళు ఏం చేసేవారంటే, పాటలు చెరిపేసి సినిమాలు ఎక్కించుకునేవారు. పైగా ఎదురుపడి "పెన్ డ్రైవ్ భలే ఉంది సునీతా, థేంక్స్" అనేవారు.

పోయిన నెల ఇంటికెళ్తే టీ ఇస్తూ అంది. "ఊరందరికీ పంచేన్రా తమ్ముడూ. ఈ వరస మొదట్నుంచి ఆకరిదాకా మనసుపెట్టి ఇన్నోళ్ళు ఒక్కళ్ళుంటే సాలు నాకు."

"పిల్లలు వింటున్నారు కదే" అన్నాను.

"ఆళ్ళు గెంతుతారు. ఇనరు."

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట ఆవిడకి ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

ఈరోజు బావ వెనక సీట్లు విప్పించి, పెట్టెని ఆ వేన్‌లోనే పెట్టించాడు. తాళం నా చేతికిచ్చాడు. పెన్ డ్రైవ్‌ని మొదటి పాటకి తిప్పి పెట్టాడు.

పెదనాన్న ఒప్పుకోలేదు. "శవం ఉన్న బండిలో ఇంగ్లీషు పాటలేట్రా" అన్నాడు.

"చర్చి కాడ మీరు సెప్పినట్టే మావయ్యగారూ. ఈ రోడ్డు మీద మాత్రం దాని పాటలే" అన్నాడు బావ. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి.

నూకాలమ్మ పిన్ని వచ్చి రోజూ కూర్చునే సీట్లోనే కూర్చుంది.

వంతెన ముందు స్టాప్‌కి వచ్చేసరికి ఆ పొడుగు పాట మోగుతోంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ అక్కడ నిలబడి ఉన్నారు. జడలు వేసుకుని, ఈరోజు మాత్రం ముందే వచ్చి. వాళ్ళని చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, ఎలాగోలా అక్కణ్ణుంచి కదిలిపోవాలని గేర్ వేశాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాబూ. గిటారు ఇంకా అవ్వలేదు. అదయ్యేదాకా మీ అక్క వంతెనెక్కదు."

ఆపేశాను. వెనక బళ్ళన్నీ ఆగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు.

"ఇక్కడ పైకెల్తాది సూడు" అంది పిన్ని. గిటార్ పైకెళ్ళింది.

"ఇప్పుడు మెల్లగా దిగుతాది." దిగింది.

"ఇంక పోనీ" అంది. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

దొరికారక్కా. నువ్వు వెతికిన ఆ ఒక్కళ్ళూ ఇన్నాళ్ళూ నీ పక్క సీట్లోనే ఉన్నారు.

ఏడుపొస్తోంది. దానికన్నా గర్వం ఎక్కువొస్తోంది. ఇంగ్లీషు అక్షరం రాని మనిషి చేత గిటార్ సోలో కోసం బండి ఆపించిన డ్రైవర్ మా అక్క.

ఆ పెన్ డ్రైవ్ ఇప్పుడు నా దగ్గరుంది. కాపీ కావాలంటే ఇస్తాను. చెరిపేసేవాళ్ళు మాత్రం అడక్కండి.

వెళ్ళిరా అక్కా. నీ పాట పూర్తయ్యేదాకా ఎవరూ తొందరపెట్టని చోట, ప్రభువు నిన్ను చల్లగా చూసుకోవాలి.