ఠాణా మీదికి పితూరీ

జంపయ్యకు చదువు రాదు. ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు వంట చేశాడు. మూడు వందల మంది పిల్లలకు ఎసట్లో ఎంత బియ్యం పడాలో చూపుతోనే చెప్పేవాడు. రిజిస్టరులో మాత్రం చివరి రోజు దాకా వేలిముద్రే. రిటైరయి ఎనిమిదేళ్లయింది. చర్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, పోలీసు క్యాంపు దాటాక, ఊరి చివర ఒంటి గదిలో ఉంటాడు. భార్య పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఊళ్లో కోయ మాట్లాడేవాళ్లకు కొదవ లేదు గానీ, పనేమీ లేకుండా అతనితో కూర్చుని మాట్లాడేవాళ్లు లేరు. ఇంట్లో ఆ భాష ఇప్పుడు పొయ్యితోనూ రెండు కోళ్లతోనూ నడుస్తోంది.

అతని దగ్గర ఒక కథ ఉంది. నాయనమ్మ చెప్పింది. వందేళ్ల కిందట తెల్లదొరల ప్రభుత్వం అడవికి హద్దురాళ్లు పాతింది. పోడు కొట్టొద్దంది. కల్లు గీసుకునే చెట్టు మీద పన్ను వేసింది. కొండకు రోడ్డు వేయడానికి మగవాళ్లను పట్టుకుపోయి, కూలి ఇవ్వకుండా రాళ్లు మోయించింది. జంపయ్య తాత కుంజా లచ్చయ్య పోడుచేను కోతకు వచ్చిన వారంలో గార్డులు దాన్ని తగలబెట్టారు. లచ్చయ్య మరి కొందరితో కలిసి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు ఎత్తుకుపోయాడు. ఏజెన్సీలో అలా తిరగబడడాన్ని పితూరీ అంటారు.

ఆ యుద్ధం ఎలా నడిచిందో నాయనమ్మకు బియ్యంతోనే తెలుసు. మూడు రోజులకోసారి సొరకాయ బుర్రలో బియ్యం నింపుకుని గుట్ట ఎక్కేది. ముందు పధ్నాలుగు మందికి సరిపడా పట్టుకెళ్లింది. తొలి వానల తర్వాత తొమ్మిది మందికి. సైన్యం ఊళ్లలో గాదెలకు కాపలా పెట్టాక ఐదుగురికి, అదీ గంజికి. ఒకరోజు గుట్ట మీద ఎవరూ లేరు. బుర్ర నిండుగానే తిరిగి వచ్చింది. లచ్చయ్య రాజమండ్రి జైల్లో చనిపోయాడని కబురు అందేసరికి మళ్లీ వానలొచ్చాయి.

నిరుడు వేసవిలో ఒక సంఘం వాళ్లు వచ్చి, దొరల మీద పోరాడినవాళ్ల పేర్లు చెక్కించి బడి ముందు రాయి నిలబెడతామన్నారు. ఒక్కొక్కరి గురించి ఒక్క వాక్యం కాగితం మీద రాయించి ఇవ్వమన్నారు. జంపయ్య చర్ల వెళ్లి, కంప్యూటర్ మీద అర్జీలు కొట్టిచ్చే వీరేందర్ దగ్గర కూర్చున్నాడు. వీరేందర్ మణుగూరు బొగ్గుగని కార్మికుడి కొడుకు. చేయి చురుకు.

"చెప్పు తాతా."

"మా తాత కుంజా లచ్చయ్య. దొరల కాలంల ఠాణా మీదికి పితూరీ పోయిండు."

వీరేందర్ వేళ్లు ఆగాయి. "పితూరీ అంటే బాగుండదే. బళ్లె పోరగాళ్లు పంతులుకు చెప్తరు సూడు, గట్ల ఉంటది. ఫిర్యాదు అని కొడ్త."

"గదీ గిదీ ఒకటేనా?"

"ఒకటే. ఇది ఆఫీసు మాట."

"ఆఫీసు మాట నాకేమెరుక బిడ్డా. నువ్వే సూడు."

ఫిర్యాదు ఠాణా మీదికి ఇవ్వరు, ఠాణాకు వెళ్లి ఇస్తారు. వీరేందర్ ఆ ముక్క కూడా సర్దాడు. జంపయ్య సొరకాయ బుర్ర సంగతి ఎత్తుకోబోయాడు.

"గంత రాస్తే రాయి మీద పట్టదు తాతా. ఒక్క లైనే అన్నరు గద."

జంపయ్య వేలిముద్ర వేశాడు.

ఆగస్టు పదిహేను నాడు రాయికి కట్టిన గుడ్డ తీశారు. సోషల్ టీచరు శ్రీదేవిది మధిర. గొంతు స్పష్టంగా ఉంటుందని ఆమె చేత చదివించారు. "కుంజా లచ్చయ్య. బ్రిటిష్ హయాంలో పోలీసు ఠాణాకు వెళ్లి ఫిర్యాదు చేసినవారు." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని ముందు వరసలో కూర్చున్న జంపయ్య కూడా కొట్టాడు.

వెనక నుంచి మేకలు కాసే మంగయ్య గొంతు వినిపించింది. "అంటే అప్పుడు గూడ ఇన్ఫార్మర్లుండిరన్నట్టు."

జంపయ్య తిరిగి చూశాడు. "ఏంది మంగయ్యా?"

"ఏం లేదు బావా. మీ తాత ఠాణాకు పోయి ఎవల పేర్లు చెప్పిండో గది గూడ రాపిస్తే అయిపోవు."

నలుగురు నవ్వారు. బావ వరసలో ఆ మాత్రం ఎకసెక్కం మామూలే. కానీ ఠాణాకు వెళ్లి చెప్పొచ్చాడన్న పేరు ఈ ఊళ్లలో మామూలుది కాదు. ఇరవై ఏళ్ల కిందట ఆ పేరు పడ్డ ఒకతను నక్సలైట్ల భయంతో పెళ్లాం పిల్లలతో ఊరొదిలి పోయాడు. అది నిజమో కాదో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున కల్లు దగ్గర ఎవరో అన్నారు, "జంపయ్య బావ వచ్చిండు, మాట్లాడకుండ్రి." నవ్వారు. రెండోసారి ఇద్దరే నవ్వారు. మూడోసారి ఎవరూ నవ్వలేదు, నిజంగానే మాట్లాడడం మానేశారు. జంపయ్య కల్లుకు వెళ్లడం మానుకున్నాడు.

శ్రీదేవి దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆమె తల పట్టుకుంది. "అయ్యో, పితూరీ అంటే తిరుగుబాటు కదా! పాఠంలో నేనే చెబుతాను. కాగితంలో ఉన్నదే చెక్కించారండి వాళ్లు." అక్కడికక్కడే సంఘానికి ఫోన్ చేసింది. రాయి మార్చాలంటే ఈ సంగతి తెలిసిన ఇంకో మనిషి సంతకం కావాలన్నారు.

"తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

జంపయ్య ఆలోచించాడు. నాయనమ్మ. నాయన. అక్క. భార్య.

"ఉండిరి," అన్నాడు.

స్నానాల గది మరమ్మతుకు తెచ్చిన సిమెంటు బడిలో కొంచెం మిగిలింది. జంపయ్య పాత గరిటె ఒకటి తెచ్చి, దానితోనే సిమెంటు కలిపాడు. బడి వంటింట్లో తన చోట ఇప్పుడు వంట చేస్తున్న నవతను రాయి దగ్గరికి పిలిచాడు.

"ఫిర్యాదు అన్న మాట యాడుందో వేలు పెట్టు బిడ్డా."

ఆమె వేలు పెట్టింది. "దీని ఎనక 'చేసినవారు' అనుంది. గది గూడ తీస్తవా?"

"గది ఉండనీ. చేసిండు గద."

గరిటె వెనకవైపుతో అక్షరాల గాట్లలోకి సిమెంటు నొక్కుతూ పోయాడు. అట్టు మీద పిండి పరిచినట్టు సాపు చేశాడు. నవత చదివి చూసింది. ఠాణాకు వెళ్లి, ఖాళీ, చేసినవారు.

"ఎవలన్న అడిగితే ఏం మాటని చెప్పాలె?"

"పితూరీ అని చెప్పు."

"పితూరీనా? ఎవల మీద?"

"దొరల మీద."

నవతకు అందులో తికమకేమీ కనిపించలేదు. తలూపింది. జంపయ్య గరిటె కింద పెట్టాడు. "ముందుగాల పధ్నాలుగు మంది ఉండిరి..."

"పప్పు అడుగంటుతది తాతా, మల్ల చెప్పుదువు," అంటూ ఆమె లోపలికి పరుగెత్తింది.

సిమెంటు గట్టిపడాలంటే రెండు మూడు రోజులు తడపాలి. జంపయ్య రోజూ మధ్యాహ్నం సీసాతో నీళ్లు తెచ్చి తడిపి, అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. క్యాంపు జీపులు పోయాయి. బైకు మీద ఒకతను ఆగాడు. జంపయ్య లేచి నిలబడ్డాడు. అతను వెంకటాపురం దారి అడిగి వెళ్లిపోయాడు.

ఏడో రోజు మంగయ్య మేకలు తోలుకుంటూ వచ్చాడు. రాయి ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివాడు. "ఠాణాకు వెళ్లి... చేసినవారు. నడుమల మాటేది బావా? ఏం చేసిండు మరి?"

"కూసో, చెప్త."

మంగయ్య కూర్చోలేదు, కర్రకు ఆనుకుని నిలబడ్డాడు. జంపయ్య కోయలో చెప్పాడు. కాలిన చేను, రోడ్డు రాళ్లు, తుపాకులు, సొరకాయ బుర్ర. పధ్నాలుగు. తొమ్మిది. ఐదుగురి దగ్గరికి వచ్చేసరికి మేక ఒకటి బడి తోటలో చొరబడింది. మంగయ్య తిట్టుకుంటూ దాని వెంట పడ్డాడు. మందను తోలుకుని అటునుంచి అటే పోయాడు.

బుర్ర నిండుగా తిరిగి వచ్చిన సంగతి అతను వినలేదు.

ఎనిమిదో రోజుకు సిమెంటు రాయంత గట్టిపడింది. జంపయ్య వేలితో కొట్టి చూశాడు. సీసా మూత తీసి మళ్లీ తడిపి, మేకలు వచ్చే దారి వైపు తిరిగి గట్టు మీద కూర్చున్నాడు.