తీగబొచ్చు మీద బావ చెయ్యి

మా బావ పోయి మూడు నెలలైంది. ఆ రోజు పొద్దున్నే మా అమ్మాయికి పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైందని కబురొచ్చింది. ఐదో క్లాసుతో ఆపేసిన నా బతుక్కి అంతకంటే ఏం కావాలి? కాళ్లు నేల మీద నిలవలేదు. చీపురుపల్లి బజారుకెళ్లి మిఠాయి కొన్నాను. మొదటి పొట్లం మా అక్క మొగుడికే. తిరిగొచ్చేసరికి మా ఎదురింట్లో, ఆయన గుమ్మం ముందు జనం. నిద్రలోనే పోయాడన్నారు. పొట్లం పట్టుకొనే నిలబడిపోయాను.

బావ మిలటరీలో కుక్కల్ని చూసుకునేవాడు. అక్క పోయాక ఆయనకు తోడు ఒక జర్మనీ జాతి వేటకుక్క. పైన తీగముక్కల్లాంటి గరుకు బొచ్చు, లోపల దూదిలాంటి మెత్తన. గెడ్డం మొలిచినట్టున్న దాని మూతి చూసి ఊరంతా గెడ్డపోడు అనేవారు. కోసిన వరిమడిలో కంజుపిట్ట వాసన తగిలితే ముందరికాలొకటి ఎత్తి రాయిలా నిలబడిపోయేది. బావ మాత్రం వేటాడేవాడు కాదు. "సూపించడమే దాని పని. సంపడం మన బుద్ధి," అనేవాడు. ఓసారి మా అమ్మాయి పెంచుకునే బాతుపిల్ల కాలవలో కొట్టుకుపోతుంటే, గెడ్డపోడు నోట కరుచుకొచ్చి పిల్ల ఒళ్లో పెట్టింది. ఈక కూడా నలగలేదు. మా పిల్లకి పశువుల పిచ్చి పట్టింది ఆ రోజే.

ఏడాదికి రెండుసార్లు బావ అరుగు మీద కూర్చుని, దాని చచ్చిన వెంట్రుకల్ని రెండు వేళ్లతో పీకేవాడు.

"కోడిని పీకినట్టు పీకుతావేటి బావా, పాపం."

"నీ మీసం పీకితే నొప్పెడతాది. దానికి నొప్పెట్టదు, అడిగి సూడు."

గెడ్డపోడు కళ్లు మూసుకుని హాయిగా పడుండేది.

రెండేళ్ల కిందట ఎండల్లో బావ వైద్యానికి విశాఖపట్నం వెళ్తూ దాన్ని నాకప్పగించాడు. రొప్పుతోందని జాలిపడి, గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషిని పిలిపించి నున్నగా తీయించేశాను. బావ తిరిగొచ్చి దాని నడుం మీద చెయ్యేసి నిమిరి చూశాడు.

"పీకితేనే గరుగ్గా వస్తాది. కత్తెర పడితే మెత్తగా మొలుస్తాదిరా," అన్నాడు. నా మొహం చూసి, "వొగ్గీ, పోన్లే. జాలికే కదేటి సేసినావు," అన్నాడు.

మెత్తగానే మొలిచింది. జబ్బు తర్వాత దాన్ని పీకే పట్టు బావ వేళ్లకి లేకపోయింది. పల్లేరుకాయలు చిక్కుకునేవి. వానకు తడిసి వణికేది. రోజూ సాయంత్రం బావ ఒక్కో ముల్లూ ఏరుతుంటే, నేను పక్కన కూర్చుని వానల గురించీ వంకాయల గురించీ వాగేవాణ్ణి. తప్పయిపోయింది బావా అన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఆ రోజు మిఠాయితో పాటు ఆ మాటా చెప్పేద్దామనే అనుకున్నాను. మంచి కబురు వెనకాల తేలిగ్గా వస్తుందనుకున్నాను.

ఇప్పుడు గెడ్డపోడు మా ఇంట్లోనే. బావ దగ్గర చూసి నేర్చుకున్నట్టే మా అమ్మాయి తీరిక దొరికినప్పుడల్లా ఆ మెత్తని వెంట్రుకల్ని వేళ్లతో పీకుతూ వచ్చింది. నిన్న సాయంత్రం దాని నడుం మీద చెయ్యేస్తే, కొత్తగా మొలిచిన బొచ్చు అరచేతికి గరుగ్గా గుచ్చుకుంది. "బావా, సూడు," అనేశాను పైకే.

ఆ మాట వినగానే గెడ్డపోడు లేచింది. తాళం వేసిన ఎదురింటి గుమ్మం వైపు తిరిగి, ముందరికాలొకటి ఎత్తి, రాయిలా నిలబడిపోయింది.