మడతల మధ్య శనగలు

ఆ రోజుల్లో బొంబాయి దగ్గరి భివండీలో, మావాళ్ళు వలసపోయి బతికే ఆ ఊళ్ళో, మరమగ్గాల మోతను మించి అరిస్తేగాని మాట వినపడేది కాదు. అందుకే మా ఇంట్లో ప్రేమగా అన్నం తినమన్నా పోట్లాటలాగే ఉండేది. డెబ్బయ్యో దశకం చివర, ఎమ్మెస్సీ పూర్తిచేసి నేను బొంబాయిలో పరిశోధనకు సీటు తెచ్చుకున్నప్పుడు జరిగింది మాత్రం నిజమైన పోట్లాటే. ఇంట్లో ఆఖరి మాట మా పెదబాపుది (నాన్నకు అన్న, శాంతి నగర్‌లో మగ్గాల కార్ఖానా ఆయనదే). "పెన్సిల్ల ఉండే నల్లరాయిని నొక్కుడు గూడ సదువేనా? ఇగ బంద్ చెయ్!" అన్నాడు.

నేను ఊరుకునే రకమా? ఆయనన్న నల్లరాయి గ్రాఫైట్, అంటే కార్బన్ పొరల దొంతర. ఆ పొరల నడుమ పొటాషియం పరమాణువులను చేర్చి బాగా ఒత్తిడి పెడితే, అవి ఉన్నచోటనే ఉంటాయా, లేక కొన్ని సందులు ఖాళీ చేసి మిగతావాటిలో గుమిగూడతాయా? అదే నా పరిశోధన. కళ్ళారా చూపిస్తానని కార్ఖానాకు పోయి, చలవ చేయని కోరా బట్ట తాను ఒకటి మడతలు పెట్టి, ప్రతి మడతలోనూ పసుపు అద్దిన వేయించిన శనగలు పరిచి, బేళ్ళు కట్టే ప్రెస్సులో పెట్టించి మర తిప్పించాను. (శనగలు బట్టను దాటుకుని పక్క మడతలోకి ఎలా పోతాయన్నది ఎమ్మెస్సీ చదివిన బుర్రకు తోచలేదు.) లోపల పటపటమని చప్పుడైంది. విప్పి చూస్తే అంతా పిండి, తాను నిండా పసుపు మరకలు.

"గిదా నీ సదువు? మంచి తాను ఖరాబ్ చేసినవ్ గదనే!" అన్నాడు పెదబాపు.

"శనగలు పగుల్తయి పెదబాపూ, పరమాణువులు పగలయి!"

"మరి గవి ఏమైతయి?"

"తెల్వది!" అని కార్ఖానా అంతా వినపడేలా అరిచాను. "నాకు తెల్వది, బొంబాయిల నాతోని పరిశోధన చేయించే సార్‌కు తెల్వది. తెల్వది గనుకనే పోత. నువ్వొద్దన్నా పోత!"

ఏడుపు ముంచుకొచ్చింది గాని ఏడవలేదు. పెదబాపు చేతికంటిన పిండిని (అంటే నా ప్రయోగ ఫలితాన్ని) నోట్లో వేసుకుని కాసేపు చప్పరించాడు. "సరే, పో బిడ్డా. తెల్సినంక ముందుగాల నాకే చెప్పాలె" అన్నాడు.

కొన్నేళ్ళకు చెప్పాను. ఒత్తిడికి కొన్ని సందులు ఖాళీ అవుతాయని, మిగిలినవి కిక్కిరిసిపోతాయని. "గంతేనా?" అన్నాడు.

ఇప్పుడు నా పేరు ముందు డాక్టర్ ఉంది. సభలో ఎవరైనా నాకు రాని ప్రశ్న అడిగితే, గొంతు సవరించుకుని, ఏదో డొంకతిరుగుడుగా చెబుతాను. అలాంటప్పుడు చీర నిండా శనగపిండితో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. "తెల్వది" అని అంత గర్వంగా చెప్పడం నాకిప్పుడు చేతకాదు.