సగం దిగిన మేకు

ఆ అంతరిక్ష సీరియల్లో పారిపోయేవాళ్లకి ప్రతివారం దారి మూసుకుపోవాలి. ఆ దారి మూసేది వడ్రంగి మేస్త్రీ. ప్లైవుడ్‌తో ఇరుకు సందు కట్టి, చివర తెరుచుకోని తలుపు బిగిస్తాడు. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు మేకులుంటాయి. మాట్లాడాలంటే ముందు వాటిని అరచేతిలోకి తీసుకోవాలి. ఏ తలుపుకైనా మేకుల్ని సగమే దిగ్గొడతాడు. "లోపలుండేది మనుషులు కదయ్యా, లాగితే ఊడి రావాలి," అంటాడు. సెట్లో ఆయన్ని బాబాయ్ అని పిలిచేది హీరోయిన్ ఒక్కతే.

ఆ రోజు ఆమె బాదితే తలుపు ఊగింది. "ఏంటి మేస్త్రీ, అట్టపెట్టెలా ఊగుతోంది! గ్రహాంతరవాసులు చూస్తే నవ్విపోతారు," అన్నాడు డైరెక్టరు. అందరూ నవ్వారు. మేస్త్రీ మేకులన్నీ తలదాకా దిగ్గొట్టాడు. మళ్లీ పొగ వదిలారు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి కెమెరా చూస్తుండగా ఆమె బాదుతూ అరిచింది. "అబ్బ, ఏం చేస్తోందిరా!" అని డైరెక్టరు మురిసిపోయాడు. ఆమె వెనక లైటు పేలి నిజంగానే నిప్పంటుకుందని ఆ పొగలో ఎవరికీ తెలియలేదు. "బాబాయ్! తలుపు తియ్!" కథలో ఆమెకు బాబాయి లేడు. మేస్త్రీ సుత్తి పట్టుకుని ఉరికాడు. ఒక్క మేకూ సుత్తికి చిక్కలేదు. చివరికి చెక్క పగలగొట్టి ఆమెను లాగాడు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు.

నెల తర్వాత ఆ సీన్ టీవీలో వేశారు. ఎవరిదో అరువు గొంతు "సర్, తలుపు తియ్యండి" అంది. కానీ ఆ "సర్" అన్నచోట అద్దం వెనక ఆమె పెదాలు రెండుసార్లు కలుసుకోవడం మేస్త్రీ చూశాడు.