రెప్ప పడని గురి

2019 జనవరి 7, సోమవారం. ఉదయం 5 గంటల 40 నిమిషాలకు బొబ్బిలి స్టేషన్లో దిగాను. మంచు పట్టి ప్లాట్‌ఫారం చివర కనబడలేదు. ఒక ఇనుప ట్రంకు, ఒక బెడ్డింగు, నీళ్ల సీసా. ఇవి నా సామాను. మహిళా పటాలంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. అందులో పద్నాలుగేళ్లు ఆయుధ శిక్షకురాలిని. సొంత జిల్లాకు వచ్చిన డ్యూటీ ఇదొక్కటే, ఇదే ఆఖరుది కూడా.

నన్ను తీసుకెళ్లడానికి క్యాంపు నుంచి జీపు వచ్చింది. నడిపేది ఇరవై ఆరేళ్ల మహిళా కానిస్టేబులు. ట్రంకును ఒంటి చేత్తో ఎత్తి భుజాన పెట్టుకుంది. మాట వినగానే శ్రీకాకుళం తీరం పిల్లని తెలిసిపోయింది. ఊరి మాట చెవిన పడేసరికి నా నోటికీ ఊరి మాటే వచ్చింది.

"ఇంత మంచులో దారి కనిపిస్తన్నాదా నీకు?"

"కనిపించదు మేడం. వినిపిస్తాది."

వేళాకోళం కాదు. కిటికీ అద్దం దించి, తల కొంచెం బయటికి పెట్టి, ఎదుటి నుంచి వచ్చే లారీల చప్పుడు వింటూ నడిపింది. ఇరవై నాలుగు కిలోమీటర్లలో ఒక్కసారి కూడా బ్రేకు గట్టిగా తొక్కలేదు. ఎందరో డ్రైవర్ల పక్కన కూర్చున్నాను. ఇలాంటి చేయి అరుదు.

క్యాంపు కొండల అడుగున, జీడి తోటలను ఆనుకుని ఉండేది. నూట పది మంది ఆడవాళ్లు, గుడారాలు, ఇసుక బస్తాల గోడ. వెనక కొండల మీదికి ఎక్కే ఘాట్ రోడ్డు. మా పని ఆ రోడ్డు మీద గస్తీ.

తొమ్మిది గంటలకు కంపెనీ కమాండరు పిలిచారు. ఆవిడ తెలుగు మనిషి కాదు. నాలుగు ముక్కల్లో చెప్పారు. డ్రైవరు చేతిలో స్టీరింగు ఉంటుంది కాబట్టి రైఫిలు పట్టడం కుదరదు, పిస్టలే ఉండాలి. పిస్టలు పరీక్ష ప్యాసవకపోతే బండిని కొండెక్కించడానికి లేదు. నన్ను తెచ్చిన జీపు డ్రైవరు రెండుసార్లు తప్పింది. మూడోది ఫిబ్రవరి 22న. అదీ తప్పితే బండి దింపి వంటశాలకు పంపుతారు.

ఆ సంగతి డ్రైవరుకు ముందే తెలుసు. "ఒకపాలి దిగితే మల్లీ ఎక్కనివ్వరు మేడం" అంది. "మా ఈదిలో ఆడపిల్ల నడిపింది సైకిలే. నాను బండి నడిపి సూపించినాను. ఇప్పుడు పప్పు రుబ్బమంటే ఎలగ?"

ఫైరింగ్ రేంజి క్యాంపుకు కిలోమీటరు దూరం. చివర మట్టి కట్ట, దాని ముందు మనిషి ఆకారం గీసిన అట్టలు. కాల్చే గీత నుంచి అట్టకు ఇరవై అయిదు మీటర్లు. ఎర్ర జెండా ఎగిరాక వైర్‌లెస్‌లో చెప్పాలి.

"రేంజి నుంచి క్యాంపుకు. ఫైర్ మొదలుపెడుతున్నాం."

"క్యాంపు. ఆగండి. కట్ట ఎనకాల మేకలున్నాయి."

"ఎవరివి?"

"మేకల్ని అడగాల."

మేకలు వెళ్లేదాకా పదిహేను నిమిషాలు ఆగాం. తర్వాత డ్రైవరు అయిదు తూటాలు కాల్చింది. అయిదూ అట్టకు మూరెడు కింద మట్టిలో దిగాయి. తుపాకుల మరమ్మతు చూసే ఆర్మరరు మా క్యాంపులో ఉన్న కొద్దిమంది మగవాళ్లలో ఒకడు. విజయనగరం మనిషి, నోరు ఊరుకోదు.

"ఒలే అమ్మీ, వానపాములేటి సేసినాయే నిన్ను?"

"నీ తుపాకీలే వొంకర, మావా."

తుపాకీ వంకర లేదు. అదే పిస్టలుతో నేను కాల్చి చూశాను. అప్పుడు మేగజీనులో అసలు తూటాల మధ్య, మందు లేని ఉత్తి తూటాలను ఆమెకు కనబడకుండా కలిపాను. ఏది ఎప్పుడు వస్తుందో కాల్చేవాళ్లకు తెలియదు. మొదటిది పేలింది. రెండోది ఉత్తిది. టక్కుమంది, అంతే. పేలుడు లేదు, ఎదురుదెబ్బ లేదు. అయినా పిస్టలు మూతి నీళ్లు తాగే మేకలా కిందికి వంగింది. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి.

తుపాకీ ఎరుగని వాళ్లకు ఇది చెప్పాలి. పేలాక చేయి ఎగరడం తప్పు కాదు, అప్పటికి తూటా వెళ్లిపోయి ఉంటుంది. తప్పు జరిగేది పేలడానికి రెప్పపాటు ముందు. దెబ్బ వస్తుందని తెలిసి ఒళ్లు ముందే ఎదురెళుతుంది. కన్ను మూస్తుంది, మణికట్టు తోస్తుంది, వేలు లాగేస్తుంది. కాల్చినవాళ్లకు అది తెలియదు. తాము కదల్లేదనే ప్రమాణం చేస్తారు.

మూడు వారాలు ఖాళీ పిస్టలుతో సాధన చేయించాను. గొట్టం కొనమీద పేలిన తూటా ఖాళీ కేసు ఒకటి నిలబెట్టి, ట్రిగ్గరు నొక్కించేదాన్ని. కేసు పడకూడదు. పూటకు యాభైసార్లు. ఆమె చేతిలో ఒక్కసారీ పడలేదు. అసలు తూటా పెట్టగానే మళ్లీ మట్టిలోకే.

"భయమా?" అని అడిగాను.

"భయమైతే సెప్పీదాన్ని మేడం. ఇంతకుముందు నేర్పినోళ్లూ అదే అన్నారు, భయపడకు, భయపడకు అని. నేని భయం ఎక్కడినుంచి తీసి పారీను?"

ఆమె చేతులు పట్టి చూశాను. భయం ఉన్నవాళ్ల అరచేతులు చెమటపడతాయి. ఆమెవి పొడిగా ఉన్నాయి.

జనవరి 30, బుధవారం. నీళ్ల ట్యాంకరు కొండ నుంచి పారే గెడ్డ దాటుతూ ఇసుకలో దిగబడింది. ఆర్మరరు స్టీరింగు పట్టుకున్నాడు. జీపు డ్రైవరుతో కలిపి ఎనిమిది మంది తోయడానికి వెనక నిలబడ్డారు. నేను ఒడ్డు మీద నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్క చెబుతున్నాను. మూడు అనకముందే డ్రైవరు కదిలింది. తల దించింది, కళ్లు మూసింది, భుజాలు ముందుకు విసిరింది. మిగతా ఏడుగురూ ఆమె తర్వాతే తోశారు. నేను లెక్క ఆపేశాను. రేంజిలో మూడు వారాలుగా చూస్తున్న భుజాలు అవే.

"ఇది ఎక్కడ నేర్చావే?"

"ఏటి మేడం?"

"తొయ్యడం."

ఆమె ముఖం మీద బురద తుడుచుకుంది. "తెప్ప తోయడం మేడం ఇది. మా నాన్నకి మగపిల్లలు నేరు. ఏడేళ్లప్పుట్నించి నానే తోసీదాన్ని. కెరటం లెగిసినప్పుడు అది కొట్టకముందే మనం తోసీయాల. కొట్టినాక తోస్తే తెప్ప తిరగబడిపోద్ది, మనిషి కిందకెల్లిపోతాడు."

"కళ్లు?"

"ఉప్పునీళ్లు కదా. మూసుకోవాల."

గెడ్డ ఒడ్డునే నాకు అర్థమైంది. నా ముందున్నది పిరికితనం కాదు, విద్య. వచ్చే దెబ్బను రెప్పపాటు ముందు పసిగట్టి దానికి ఎదురెళ్లడం. పందొమ్మిదేళ్లుగా ఆ ఒంట్లో ఉంది. ఒక తండ్రిని ఎన్నిసార్లు బతికించిందో ఎవరు లెక్కపెట్టారు? దాన్ని తీసేయమని చెప్పడానికి నేనెవరిని? తీసేయక్కర్లేదు. కెరటం ఎప్పుడు వస్తుందో ఆ ఒంటికి తెలియకుండా చేస్తే చాలు.

ఫిబ్రవరి 4, సోమవారం, ఉదయం ఆరున్నర. రేంజిలో ఆమె వెనక నిలబడ్డాను.

"ఈ రోజు నువ్వు కాల్చకు. పట్టుకుని గురి చూడు, అంతే. కాల్చేది నేను."

ట్రిగ్గరు మీద ఉన్న ఆమె వేలి మీద నా వేలు పెట్టాను. గురి కోసం గొట్టం కొనమీద ఉండే మేకును తప్ప మరి దేన్నీ చూడొద్దన్నాను. మెల్లగా నొక్కడం మొదలుపెట్టాను. వెంట్రుకవాసి. ఆపాను. మళ్లీ వెంట్రుకవాసి. నా ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. ఎప్పుడు పేలుతుందో ఆమెకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

పేలింది.

ఆమె పిస్టలు దించలేదు. కదల్లేదు. మెల్లగా అంది.

"మంట మేడం."

"ఏ మంట?"

"మూతికాడ. పసుపుపచ్చగా. పైన రేకు ఎనక్కెల్లి ముందుకొచ్చినాది. కేసు ఎగిరినాది, తిరుగుతా తిరుగుతా. ఎండ పడి మెరిసినాది." అప్పటికి గాని నా వైపు తిరగలేదు. "ఇదంతా ఎప్పుడూ అవుతాదా?"

ప్రతిసారీ అవుతుంది. రెండేళ్లుగా ఆ చేతుల్లోనే అవుతోంది. ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. ఆ కళ్లు చూశాను. సూర్యోదయం చూసినవాళ్లకు కూడా అంత ఆశ్చర్యం ఉండదు.

అట్ట మీద తూటా గుండె దగ్గర ఉంది.

ఆ రోజు పదిహేను తూటాలు కాల్చాం. మా దగ్గర ఖాళీ కేసులు కూడా లెక్కప్రకారం అప్పగించాలి. ఒక్కటి తగ్గినా రేంజి వదిలి వెళ్లడానికి లేదు. ఏరితే పద్నాలుగే వచ్చాయి. ఆర్మరరు మోకాళ్ల మీద గడ్డి వెతుకుతూ గొణుగుతున్నాడు. డ్రైవరు వచ్చి తుమ్మ కంప వైపు చెయ్యి చూపింది.

"అది నాలుగోది మావా. ఆ కంప మొదట్లో పడినాది."

ఆర్మరరు కంపలో చేయిపెట్టి కేసు తీశాడు. దాన్ని, ఆమెను మార్చి మార్చి చూశాడు. "పిల్లకి కళ్లొచ్చినాయి" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

అంతటితో అయిపోలేదు. నా వేలు తీయగానే మళ్లీ రెండు తూటాలు మట్టిలోకి పోయాయి. మర్నాడు ఒకటి. ఆ తర్వాత మూడు రోజులు అన్నీ అట్టలోనే. జీడి పూత వాసనకు తల తిరిగే రోజులవి. ఫిబ్రవరి 18న పరీక్షలాగే "ఫైర్" అని ఆర్డరు వేసి కాల్పించాను. అయిదుకు నాలుగు మట్టిలో. ఆమె పిస్టలు బల్ల మీద పెట్టేసింది.

"మీరు ఫైర్ అంటే నాకు, తోయే అని మా నాన్న కేకేసినట్టే ఉంటాది."

"మీ నాన్న కేకేస్తే కెరటం వచ్చినట్టు. నేను కేకేస్తే ఏదీ రానట్టు. మొదలుపెట్టమని, అంతే. తర్వాత ఎంతసేపైనా నీ ఇష్టం."

"టైము అయిపోతే?"

"నీ వేలు నీకంటే తొందరగానే ఉంది. టైము సంగతి నేను చూసుకుంటాను."

మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఒక్క మాటే అంటూ పోయాను. ఫైర్. ఖాళీ పిస్టలు. ఫైర్. భోజనాల దగ్గర కూడా అన్నాను. చివరికి ఆమె పళ్లెంలో అన్నం కలుపుతూ తలెత్తడం మానేసింది.

ఫిబ్రవరి 22, శుక్రవారం, ఉదయం 7 గంటల 15 నిమిషాలు. గాలి లేదు. పది తూటాలు, ఆరు అట్టలో ఉండాలి. కమాండరు గడియారం పట్టుకుని కుడిపక్క నిలబడ్డారు. నేను వెనక. మాట్లాడటానికి, ముట్టుకోవడానికి నాకు అనుమతి లేదు.

మొదటిది కింద పడింది. మట్టి లేచింది. రెండోది అట్టలో. మూడు, నాలుగు, అయిదు అట్టలో. ఆరోది కింద.

ఏడోది టక్కుమంది.

పేలలేదు. అది నేను కలిపిన ఉత్తి తూటా కాదు. పరీక్ష తూటాలు సీలు వేసిన పెట్టెలోవి. పాతబడి, మందు అంటుకోని తూటా. అలాంటిది ఎప్పుడో గాని రాదు. రేంజిలో చప్పుడు ఆగిపోయింది.

పిస్టలు కదల్లేదు.

కొనమీది మేకు ఎక్కడుందో అక్కడే ఉంది. మణికట్టు అలాగే ఉంది. భుజాలు అలాగే. పక్కనుంచి ఆమె కన్ను కనిపిస్తోంది. తెరిచే ఉంది. రాని దెబ్బ కోసం ఆ ఒంట్లో ఎక్కడా ఏదీ ఎదురెళ్లలేదు. కొండ నిలబడినట్టు నిలబడింది. కమాండరు గడియారం చూడటం మరిచిపోయారు.

నియమం ప్రకారం ఆమె మూతి కట్ట వైపే ఉంచి, ఎడమ చేయి ఎత్తింది. ఆలస్యంగా పేలుతుందేమోనని ఆగాల్సిన అర నిమిషం గడిచాక ఆర్మరరు ఆ తూటా తీసి ఇంకోటి ఇచ్చాడు. మిగతా నాలుగూ అట్టలో పడ్డాయి. పదికి ఎనిమిది.

కమాండరు ఒక్కటే అన్నారు. "బండి రేపు కొండెక్కుతుంది." అన్నది తన భాషలో. డ్రైవరుకు నేను తెలుగులో చెప్పాను. ఆమె సెల్యూట్ చేసి, జీపు దాకా మామూలుగా నడిచి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి ఏడ్చింది.

మర్నాటి నుంచి మే 3 దాకా ఘాట్ రోడ్డు మీద అరవై ఒక్క గస్తీలకు ఆమే నడిపింది. పంతొమ్మిదింటిలో నేను పక్కన కూర్చున్నాను. ఆ పిస్టలు ఒక్కసారీ ఒర దాటలేదు.

మే 6న నన్ను స్టేషన్లో దింపింది. "ఇంటికెల్లి ఏటి సేస్తారు పెద్దమ్మా?" అంది. మేడం అనకపోవడం అదే మొదటిసారి. పడుకుంటానన్నాను. "మీకు నిద్ర రాదు" అని ట్రంకు బెర్తు కిందికి తోసి దిగిపోయింది.

విజయనగరంలో మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. తుపాకీ సంగతి అడిగిన వాళ్లకు పేలుళ్ల గురించి చెప్పను. చప్పుడు లేని ఆ పొద్దు గురించి చెబుతాను. పేలని పిస్టలు, కదలని మేకు, తెరిచి ఉన్న ఒక కన్ను. కూరగాయలు తరుగుతున్నా కనబడుతుంది, బస్సు కోసం నిలబడినా కనబడుతుంది.

ఆ నాలుగు నెలల్లో పోయినవి ఇవి. ఏప్రిల్ గాలివానకు ఒక టార్పాలిను. ఒక ఖాళీ కేసు, డ్రైవరు లేని రోజున పోయింది, చీకటిపడేదాకా వెతికినా దొరకలేదు. గెడ్డలో ట్యాంకరు తోస్తూ ఆమె కుడి బొటనవేలి గోరు. నా కుడిచెవిలో సన్నని చప్పుళ్లు, పిచుకల అరుపులతో సహా. మనుషుల్లో పోయినవాళ్లు ఒక్కరూ లేరు.